ఆటగాండ్ర ఎంపిక

హైదరాబాదు నుండి పడమరగా వికారాబాదు వైపు పోవు రాజబాటలో మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ల తగులును. రెండును రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రములే. ఈ బాట ఊడలు దిగిన మఱ్ఱిచెట్లకు చాలకాలముగా పేరుపొందినది. చుట్టుపట్టుల పల్లెల రైతులు కూరగాయలను, పూలను పండించి నగరమునకు పంపుదురు. ఈ పల్లెల పిల్లలలో వేగముగా పరుగెత్తువారికి, దుముకువారికి కొదువ లేదు. వారిలో ఎవరిని ఏరి శిక్షణ మిప్పింపవలె ననునది మాత్రము ఏటేట ముందునకు వచ్చు చిక్కు ప్రశ్న.

సికింద్రాబాదునకు ఉత్తరమున హకీంపేటలో ప్రభుత్వము 1993లో నెలకొల్పిన క్రీడా పాఠశాల యున్నది. అందు పిల్లలను నాలుగవ తరగతిలో చేర్చుకొందురు. చేరగోరువారికి మొదట మండలములో, పిమ్మట జిల్లాలో, తుదకు రాష్ట్ర స్థాయిలో పరీక్షలు జరుగును. చేవెళ్ల పిల్లలైనను, మొయినాబాదు పిల్లలైనను ఈ మూడు మెట్లను ఎక్కవలసినదే. ఈ పరీక్షలో ప్రశ్నపత్రము లేదు. ఎత్తును, బరువును కొలుతురు. 30 మీటర్ల దూరమును ఎంత వేగముగా దాటుదురో, 800 మీటర్లు అలయక పరుగెత్తగలరో లేదో చూతురు. నిలిచినచోటి నుండి ఎంత దూరము దుముకుదురో, ఎంత ఎత్తు ఎగురుదురో, మెడిసిన్ బాల్ అను బరువైన బంతిని ఎంత దూరము విసరుదురో, నడుము ఎంతవఱకు వంగునో గుర్తించి మార్కులు వేయుదురు.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. నీకు ఏ ఆట వచ్చునని ఇచట ఎవరును అడుగరు. ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లకు ఆట రాకపోయినను బాధ లేదు. ఆటను నేర్పవచ్చును. కాళ్లలోని చురుకుదనమును, ఎముకల పొడవును నేర్పుట ఎవరి తరము? నేర్పవీలు లేని గుణములను ముందుగా చూచి, నేర్పదగిన వానిని తరువాతికి విడుచుట ఈ పరీక్షలోని కీలకము. సంతలో కోడెదూడను బేరమాడు రైతు చూపును ఇట్టిదే. అది ఇంకను కాడి మోసినది కాదు. ఏ పొలమును దున్ని చూపలేదు. అయినను అతడు దాని నడకను, గిట్టలను, ఎదురురొమ్మును పరికించి, నోరు తెఱచి పండ్లు చూచి ధర కట్టును. పిల్లలను పశువులతో పోల్చుట తగదు గాని, కంటికి కనబడుచున్న దానినిబట్టి కనబడని రేపటిని ఊహించుట రెండుచోట్లను ఒక్కటే.

ఆ ఊహ తప్పుటకు అవకాశములు పెక్కులు. వానిలో ముఖ్యమైనది వయస్సు. ఒకే తరగతిలోని ఇద్దఱు పిల్లలలో ఒకరు పదినెలలు పెద్దవారు కావచ్చును. ఇరువదియేండ్ల వారిలో పదినెలల తేడా లెక్కలోనిది కాదు. ఎనిమిదేండ్ల వారిలో అది కొండంత తేడా. 1985లో కెనడా దేశమున రోజర్ బార్న్స్‌లీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి మంచు హాకీ ఆటగాండ్ర పుట్టిన దినములను పరిశీలించెను. పేరుపొందిన ఆటగాండ్రలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో పుట్టినవారే హెచ్చుగా నున్నట్లు తేలెను. అక్కడ బాలుర జట్లను జనవరి 1వ తేదీని బట్టి విభజింతురు. ఏడాది మొదట పుట్టినవాడు తన జట్టులో అందఱికంటె పెద్దవాడు, కావున బలవంతుడుగా కనబడును, కావున ఎంపికయగును. ఎంపికయినవానికి మంచి శిక్షణ లభించును. ఆ శిక్షణచే అతడు నిజముగనే మేటియగును. డిసెంబరులో పుట్టినవానికి ఏ లోపము లేకున్నను వెనుకబడును. మొదటి ఎంపికలోని చిన్న పొరపాటు తన్ను తానే నిజము చేసికొనుట యన నిదియే.

ఎత్తు ప్రధానమైన ఆటలలో ఈ చిక్కు మఱింత బిగియును. 1891లో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, చలికాలమున విద్యార్థులు లోపలనే ఆడుకొనుటకై, మేడ వసారా కటకటాలకు పండ్లబుట్టలు కొట్టించి బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. నేటికిని బుట్ట నేలకు 10 అడుగుల ఎత్తుననే యుండును. ఒక్కొక్క జట్టున అయిదుగురు ఆడుదురు. అందుచే పొడగరులకు ఈ ఆటలో సహజముగా మేలు కలుగును.

1978లో నార్త్ కరోలినా రాష్ట్రమునందలి విల్మింగ్టను పట్టణమున, లేనీ ఉన్నత పాఠశాలలో పెద్ద జట్టునకు ఎంపిక జరిగెను. పదునైదేండ్ల బాలుడొకడు తన పేరు ఉండునని ఆశతో పట్టికను చూచుకొనెను. పేరు లేదు. ఆటలో అతనికంటె తక్కువవాడైన తోటి విద్యార్థి లీరాయ్ స్మిత్ ఎంపికయ్యెను. కారణము సులభము: ఆ జట్టులో అప్పటికే నేర్పరులు పలువురుండిరి, పొడగరులు లేరు. స్మిత్ ఆఱడుగులను మించి ఏడంగుళములు కలవాడు. పట్టికలో పేరు కానక చిన్న జట్టులో ఆడవలసి వచ్చిన బాలుడు మైకేల్ జోర్డన్. తరువాత అతడు లోకప్రసిద్ధుడయ్యెను. ఆ శిక్షకుని గుడ్డివానిగా పలువురు వర్ణింతురు. ఇది న్యాయము కాదు. ఆ దినమున ఆ జట్టునకు ఏమి కొఱతయో దానినే అతడు పూరించెను. జోర్డనును బడినుండి వెళ్లగొట్టలేదు. చిన్న జట్టులో ఏడాది పొడవున ఆడనిచ్చెను. ఆ యేడాదిలో బాలుడు పెరిగెను కూడ.

అమెరికాలోని కళాశాలలకు ఈ యేరికయే పెద్ద వ్యవసాయము. అచట విద్యార్థి సాధారణముగా నాలుగేండ్లు జట్టులో ఆడును. ప్రతి వేసవిని చివరి తరగతివారు వెడలిపోవుదురు. ఖాళీలను ఉన్నత పాఠశాలల నుండి క్రొత్తవారిని తెచ్చి నింపవలెను. పెద్ద కళాశాలల పురుషుల జట్టున కొక్కదానికి 13 విద్యార్థి వేతనములు మాత్రమే ఇయ్యవచ్చునను నియమము చాల సంవత్సరములు అమలులో నుండెను. 2025లో ఆ స్థానమున జట్టులో 15 మందికి మించరాదను నియమము వచ్చినది. కోరినవారి నందఱిని చేర్చుకొనుటకు వీలు లేనందున ఎంపిక యవసరమగుచున్నది.

ఈ వ్యవహారమునంతయు కంప్యూటరుపై ఆడు ఆటగా మలచినవారు కలరు. హూప్స్ డైనస్టీ అనునది అట్టి యొక ఆట. ఇందులో బంతిని తాకు పని లేదు. ఇంటర్నెట్టు ద్వారా వేర్వేరు ఊళ్లవారు తలకొక కళాశాల జట్టునకు శిక్షకులై, కల్పిత బాలురను చేర్చుకొని, వారిని తీర్చిదిద్ది, ఒకరి జట్టుతో నొకరు తలపడుదురు. క్రొత్తగా చేరినవానికి చిన్న కళాశాలయే దొరకును. పేరు సంపాదించిన పిమ్మటనే పెద్దదానికి పోవలెను. ప్రతి బాలునకు వేగము, బంతిని అందుకొనుట, బుట్టలో వేయుట, ఎదిరిని అడ్డుట మొదలగు గుణములకు వేర్వేరుగా అంకెలుండును. శ్రమించు స్వభావమునకు కూడ ఒక అంకె కలదు! శిక్షకునకు ఇచ్చిన ధనము మితము. దానితోనే బాలుర ఆటను చూచి రావలెను, ఇండ్లకు పోయి తల్లిదండ్రులతో మాటలాడవలెను, విద్యార్థి వేతనమును చూపవలెను.

క్రొత్తవారు సాధారణముగా చేయు పొరపాటు, అందఱు మెచ్చినవాని వెంటనే పడుట. హెచ్చు అంకెలున్న బాలునికై ఇరువది కళాశాలలు పోటీపడును. చిన్న కళాశాల తన ధనమునంతయు అతనిపై ఖర్చుచేయును. చివరకు అతడు పేరుగల కళాశాలకు పోవును. ఈ లోపల రెండవ వరుస బాలురును ఎవరి దారిన వారు పోవుదురు. చేతిలో ధనమును లేదు, జట్టులో బాలుడును లేడు. అనుభవజ్ఞులు ముందుగా తమ కళాశాల అంతస్తును తాము నిజాయితీగా లెక్కవేసికొందురు. తమకు దక్కగల వారెవరు, తమకంటె గొప్పవారి కన్ను పడని వారెవరు అని వెదకుదురు. ఈ వెదకులాటలో ఓర్పు కావలెను. వందల పేర్లను చదువవలెను.

ఇక నేటి బలమును, రేపటి పెరుగుదలను తూచు లెక్క యున్నది. చిన్న ఉదాహరణమును తీసికొందము. మొదటి బాలునకు చేరునాటికి 60 మార్కులు. అతడు శ్రమజీవి, ఏడాదికి 5 మార్కుల వంతున పెరుగును. రెండవ బాలునకు 68. కాని ఏడాదికి 1 మార్కే పెరుగును. మొదటివాని నాలుగేండ్ల అంకెలు 60, 65, 70, 75. రెండవవానివి 68, 69, 70, 71. ఎవరు మేలు? తొందరపడి మొదటివాడని చెప్పరాదు. నాలుగేండ్లను కూడగా మొదటివానికి 270, రెండవవానికి 278 వచ్చును. జట్టులో తగిన పెద్దవారు లేక, చేరిన దినము నుండియే ఆడింపవలసి వచ్చిన రెండవవాడే మేలు. మొదటి రెండేండ్లు ఆడుటకు పెద్దవారు ఉన్నయెడల మొదటివానిని ప్రక్కన కూర్చుండబెట్టి నేర్పవచ్చును. చివరి రెండేండ్లలో అతనికి 145, రెండవవానికి 141. కావున బాలుని విలువ బాలునిలోనే లేదు. అతడు చేరు జట్టు స్థితిని బట్టి అది మాఱును. లేనీ పాఠశాలలో జరిగినదియు ఇదియే గదా!

ఇంకొక మెలకువ. ఒకే ఏడాది అయిదుగురు మంచివారిని చేర్చుకొన్న శిక్షకుడు పండుగ చేసికొనును. నాలుగేండ్ల తరువాత ఆ అయిదుగురును ఒక్కసారిగా వెడలిపోవుదురు. జట్టు ఎండిన చెఱువగును. ప్రతి తరగతిలోను ఇద్దఱు ముగ్గురు ఉండునట్లు పేర్చుకొనువాడు ఏ సంవత్సరమునను మొదటికి రాకపోవచ్చును గాని, ఏ సంవత్సరమునను కూలిపోడు. నిజమైన కళాశాలలలో మాత్రము ఈ ఓర్పుకు ఇప్పుడు విలువ కొంత తగ్గినది. 2021 నుండి ఆటగాండ్రు ఏడాది ఆగనక్కఱలేకయే వేఱొక కళాశాలకు మాఱి వెంటనే ఆడుటకు నియమములు సడలినవి. ఒకరు నాటి నీరుపోసిన మొక్క మఱియొకరి పెరటిలో కాయుటయు కలదు.

కంప్యూటరు ఆటకు పెద్ద లోపమొకటి యున్నది. అందు శ్రమించు స్వభావము 40 అనియో 80 అనియో యంత్రమునకు ముందే తెలియును. మైదానమున ఏ బాలుని నొసటను అట్టి అంకె వ్రాసి యుండదు. స్టీఫెన్ కరీ అను బాలుడు ప్రసిద్ధ ఆటగాని కుమారుడు. అయినను దేహము సన్ననిదని పెద్ద కళాశాలలు అతనికి విద్యార్థి వేతన మియ్యలేదు. డేవిడ్‌సన్ అను చిన్న కళాశాల శిక్షకుడు బాబ్ మెకిలప్ అతనిని చేర్చుకొనెను. 2008 జాతీయ పోటీలలో ఆ చిన్న కళాశాల చివరి ఎనిమిది జట్లలో నిలిచి, కాన్సస్ జట్టు చేతిలో 57-59 తేడాతో మాత్రమే ఓడెను. అంకెలు వ్రాయని దానిని చదువగలుగుటయే మెకిలప్ నేర్పు.

అట్టి చూపు గలవాడు హైదరాబాదుననే యుండెను. అతడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, బడిపంతులుగా పనిచేసినవాడు. బాస్కెట్‌బాల్ కాదు, ఫుట్‌బాల్ అతని రంగము. అతడు తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు గెలిచెను. భారత జట్టునకు శిక్షకుడై 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకములు సాధించెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ పోటీలలో భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఆటగాండ్రు తమకు వాటములేని కాలితోనే ఆడవలెనని నియమము పెట్టి అతడు పోటీలు జరిపించెడివాడు. ఇది విని నవ్వినవారు ఉండవచ్చును. కాని ఎడమకాలు పనిచేయని వానికి సగము మైదానము మూసికొనిపోవునని ఆ పంతులు ఎఱుగును.

సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాము అను పేదబాలు డుండెను. బూట్లు కొనుటకు స్తోమతు లేక, పాత సామానుల బజారున పోలీసుల పాత బూట్లను కొని, చెప్పులు కుట్టువానిచే వానిని ఆటబూట్లుగా మార్పించుకొనెను. రహీము అతని ఆటను చూచి, హైదరాబాదునకు వచ్చి సాధనలో పాల్గొనుమని పిలిచెను. అంత దూరము రాకపోకలకు తనవద్ద డబ్బు లేదని బాలుడు చెప్పగా, అద్దె సైకిలుకు కావలసిన డబ్బును రహీమే సమకూర్చెను. 1956లో బలరాము హైదరాబాదు జట్టులోను, అదే సంవత్సరమున ఒలింపిక్ జట్టులోను స్థానము సంపాదించెను. కంప్యూటరు ఆటలో విద్యార్థి వేతనమునకు, ప్రయాణపు ఖర్చుకు గడులుండును. అద్దె సైకిలుకు గడి లేదు. మంచి ఆటగాడు కంటబడుట ఒక యెత్తు. అతడు మైదానము వఱకు రాగలుగుట మఱియొక యెత్తు. మన పల్లెలలో పెక్కుమంది రెండవదానికడనే ఆగిపోవుదురు.

1962లో జకార్తా నగరమున మఱియొక ముచ్చట జరిగెను. థాయిలాండు జట్టుతో ఆడునపుడు వెనుకవరుస వీరుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. తలతో బంతిని అడ్డుకొనుట ఇక ప్రమాదకరము. అతనిని వదలుకొనుటకు రహీమునకు మనసొప్పలేదు. కళాశాలలో చదువు దినములలో జర్నైల్ ముందువరుసలో ఆడినవాడని అతనికి తెలియును. అందుచే అతనిని ముందువరుసకు మార్చెను. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాపై జరిగిన తుది ఆటలో భారతదేశము 2-1తో గెలిచినది; ఆ రెండు గోలులలో ఒకటి జర్నైల్ సింగుదే. ఎంపిక యన క్రొత్తవారిని వెదకుటయే కాదు, ఉన్నవారిలోనున్న మఱుగుపడిన నేర్పును జ్ఞప్తియందుంచుకొనుటయు నని దీనివలన తెలియును. అప్పటికే రహీము ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండెను. 1963 జూన్ 11వ తేదీన అతడు మరణించెను.

రహీము మరణించిన అఱువదేండ్ల తరువాత, మొయినాబాదు మండలములోని అజీజ్‌నగరమున ఫుట్‌బాల్ ఆటకు మఱియొక నెలవు ఏర్పడినది. 2015లో బాలుర శిక్షణతో ఆరంభమైన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు 2021-22లో ఐ-లీగు పోటీలలో ప్రవేశించి, తొలి సంవత్సరముననే మూడవ స్థానమున నిలిచెను. అజీజ్‌నగరములోని డెక్కన్ ఎరీనా దాని మైదానము. 2022-23లోను, 2023-24లోను అది రెండవ స్థానమును పొందెను. ఈ లీగులో మొదటి జట్టునకే పై లీగున ప్రవేశము. మొదటి పర్యాయము పంజాబు జట్టునకు, రెండవ పర్యాయము మహమ్మడన్ జట్టునకు ఆ భాగ్యము దక్కినది. తొందరగా పైకి రావలెనన్న క్లబ్బు, ఇతర రాష్ట్రములనుండియు, విదేశములనుండియు ఆరితేరినవారిని తెచ్చుకొనక తప్పదు. 68 మార్కుల బాలుని ఏరుకొన్నట్లే ఇది. ప్రక్క పల్లెలోని 60 మార్కుల బాలుడు పెరుగుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్ల ఖర్చు నెవరు భరింతురు? గెలుపు కోరు క్లబ్బును తప్పుపట్టుటకు వీలు లేదు. ఆ మైదానపు కంచె ప్రక్కన నిలిచి చూచు మొయినాబాదు బాలుని ఆశయు తప్పుకాదు.

ఎంపిక జరిగిన ప్రతిచోటను ఎంపిక కానివారే ఎక్కువ. హకీంపేట పరీక్షలో చివరి మెట్టుమీద ఆగిన పిల్ల మరునాడు చేవెళ్లలోని తన బడికే తిరిగి వచ్చును. ఆ పిల్ల డిసెంబరులో పుట్టినదో, ఆలస్యముగా పొడవు పెరుగు వంశములోనిదో కొలతబద్ద చెప్పదు. పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలకు పదునాలుగేండ్ల లోపు, పదునేడేండ్ల లోపు, పందొమ్మిదేండ్ల లోపు అని మూడు తరగతులు కలవు. వీనికిని ఎంపిక మండలముననే మొదలగును. తొమ్మిదవ యేట పొట్టివాడుగా నుండి వెనుకకు వచ్చిన బాలుడు పదునాలుగవ యేట అదే మైదానమున, కొన్ని అంగుళములు పెరిగి, మరల వరుసలో నిలుచును. ఈసారి శిక్షకుడు అతనిని పేరు పెట్టి పిలిచి, బంతిని చేతికిచ్చి, కుడిచేతివాటమువాడైన ఎడమచేతితో కొట్టి చూపుమనును.